గుట్టకిందపల్లె గడ్డి కొలత

గడ్డిని కొలవడం కూడా ఒక ఉద్యోగమేనని చెబితే మా ఊళ్లో ఇప్పటికీ నవ్వుతారు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. కాలువ గట్టు మీద మోకాలెత్తు పెరిగిన పచ్చిక ఎవరిదని అక్కడ ఎవరూ అడగరు. ఏ గేదె ముందు చేరితే దానిది. అటువంటి చోట పుట్టి, వ్యవసాయ కళాశాలలో నేలల గురించి చదువుకుని, కొత్త రాష్ట్రం ఏర్పడ్డాక భూసంరక్షణ విభాగంలో ఉద్యోగం దొరికి నేను కర్నూలు చేరాను. ఊళ్ల ఉమ్మడి భూముల్లో వేటిని ఊరి చేతుల్లోనే ఉంచవచ్చు, వేటిని ప్రభుత్వం తీసుకుని కంచె వేసి చెట్లు పెంచాలి అన్నది చూసి చెప్పడం మా పని. ఆ పని మీద కడప జిల్లాకు వెళ్లి వచ్చిన సంగతులు రాయమని మిత్రులు అడుగుతున్నారు. తిండి గురించి, దారి గురించి సరదాగా చెప్పుకోవలసినవి కొన్ని ఉన్నాయి. మిగిలినది సరదా కాదు. అయినా చెప్పవలసింది అదే.

కర్నూలు

రాజధాని అయ్యాక కర్నూలుకు ఊపిరి ఆడడం లేదు. ప్రభుత్వ కచేరీలు కొన్ని పాత భవనాల్లో, కొన్ని డేరాల్లో ఉన్నాయి. నాలుగు మంచాలు పట్టే గదిలో మేం ఆరుగురం ఉంటున్నాం, అద్దె తలా పది రూపాయలు. ఆరుగురిదీ కలిపితే తెనాలిలో పెరడు, నుయ్యి ఉన్న పెద్ద ఇల్లు వస్తుంది. పగలు డేరాలో కూర్చుంటే చేతి చెమట కాగితం మీద పడి సిరా పాకుతుంది. తుంగభద్ర మీది గాలి సాయంత్రం కాస్త తిరిగితే అప్పుడు మనుషులం అవుతాం.

బస్సులు ఆగే చోట మస్తాన్ సాహెబు హోటల్లో ఉగ్గాని తిని బయలుదేరడం నాకు అలవాటు. మా వైపు మరమరాలంటే చేతిలో పోసుకుని నమలడమే. ఇక్కడ వాటిని బొరుగులంటారు, నీళ్లలో తడిపి, చేత్తో గట్టిగా పిండి, ఉల్లిపాయతో పోపు వేస్తారు. ప్లేటు రెండణాలు, పక్కన మిరపకాయ బజ్జీ. రాయచోటికి వెళుతున్నానని చెబితే ఆయన నా మరచెంబు తీసి చూసి, ఇది చాలదని తన కొట్లోంచి ఇంకో సీసా నిండా నీళ్లు పోసి ఇచ్చాడు. దానికి డబ్బు తీసుకోలేదు.

బయలుదేరడానికి పదిహేను రోజుల ముందు నేను బుద్ధిగా ఒక పని చేశాను. వెళ్లబోయే ఊళ్లన్నిటికీ ఉత్తరాలు రాశాను. చెప్పకుండా ఊడిపడే అధికారిని కానని నాకు గొప్పగా ఉండేది. కచేరీ భాషలో ఇలా రాశాను: “తమ గ్రామపు ఉమ్మడి గుట్టపై గల గడ్డి కొలతకై వచ్చుచున్నాను. గ్రామమందలి పశువుల సంఖ్య సిద్ధముగా ఉంచవలెను.” దస్తూరీ బాగుందని పక్క సీటు గుమాస్తా మెచ్చుకున్నాడు. ఆ రెండు వాక్యాలు నాకు ఇప్పుడు నిద్రలో కూడా కంఠతా వచ్చు.

కోవెలకుంట్ల మీదుగా

కోవెలకుంట్ల వైపు నేల నల్లరేగడి. జొన్న కోతలు అయిపోయాయి, చేలల్లో నెర్రెలు కాలు పట్టేంత వెడల్పున ఉన్నాయి. ఇళ్ల గోడలు, మిద్దెలు, చివరికి దొడ్డి ప్రహరీలు కూడా నాపరాతి బండలే. రాయి ఇంత చవకగా దొరికే చోట మట్టి ఎంత ఖరీదో అప్పుడే తోచి ఉండవలసింది.

బస్సులో నా పక్కన తలపాగా చుట్టుకున్న పెద్దాయన ఒకరు కూర్చున్నారు. ఊరు, పేరు, పెళ్లి అయిందా లేదా అన్నీ అడిగి, ఒళ్లో మూటలోంచి జొన్నరొట్టె ముక్క, ఎర్రటి ఉల్లికారం తీసి నా చేతిలో పెట్టారు. కారానికి నా కళ్లలో నీళ్లు తిరిగితే ముందు సీట్లవాళ్లు వెనక్కి తిరిగి చూసి సంతోషించారు. తరువాత ఏం ఉద్యోగమప్పా అని అడిగారు. గడ్డి కొలిచే పని అన్నాను. ఆయన మూట ముడి వేసుకుని కిటికీలోంచి బయటికి చూడడం మొదలుపెట్టారు. ముందు సీట్లవాళ్లు కూడా మాట మానేశారు. జమ్మలమడుగు దాకా ఎవరూ నన్ను మళ్లీ పలకరించలేదు. రొట్టె తిన్నాక నిద్ర వచ్చిందేమో అనుకున్నాను.

జమ్మలమడుగు దగ్గర పెన్న ఎండిపోయి ఉంది. ఇసుకలో చెలమ తవ్వుకుని ఆడవాళ్లు కడవలతో కూర్చున్నారు. నీళ్లు ఊరేదాకా ఆగి, చిప్పతో తోడి కడవ నింపి, ఒకరి తరువాత ఒకరు లేస్తున్నారు. వరుస ఎవరూ తప్పడం లేదు, ఎవరూ గట్టిగా మాట్లాడడం లేదు. మా వైపు కాలువ నిండా నీళ్లుండగా కూడా తూము దగ్గర తలలు పగులుతాయి. దూరదేశం మనిషినని ఒకామె తన వంతులో ముందు నాకు దోసిట పోసింది. ఆ నీటి తీపి ఇంకా గుర్తుంది. నీళ్ల దగ్గర ఇంత కట్టుబాటు ఉన్నవాళ్లకు గడ్డి దగ్గర కూడా ఉంటుందేమోనన్న ఆలోచన మాత్రం నాకు రాలేదు.

గుట్టకిందపల్లె

కడప నుంచి రాయచోటి బస్సు గువ్వలచెరువు కనుమ ఎక్కి దిగుతుంది. కనుమకు ఇరువైపులా పాలకొండల అడవి. దాన్ని దాటితే అంతా ఎర్రనేల, గుండ్లు, చెనక్కాయ చేలు. రాయచోటిలో బస్సు దిగి ఎద్దుల బండిలో మూడు గంటలు వెళితే గుట్టకిందపల్లె. అరవై ఇళ్లుంటాయి. ఊరి వెనకాలే గుట్ట. మా పటంలో అది బంజరు అని ఉంది.

ఊరి పెద్ద వీరారెడ్డి ఎదురు వచ్చారు. అరవై దాటిన మనిషి, పలచగా, నిటారుగా ఉంటారు. ఏమీ అడగకుండానే నన్ను గుట్ట ఎక్కించారు. ఊరి తలారి నా కొలత పెట్టె మోశాడు. గుట్ట మొదట్లో ఒక ముసలామె కర్ర ఒళ్లో పెట్టుకుని బండ మీద కూర్చుని ఉంది. మమ్మల్ని చూసి లేవలేదు. ఎవరని అడిగితే, “ఓబులమ్మ. ఆ యమ్మ అట్లే కూచుంటాది,” అని రెడ్డిగారు ముందుకు నడిచారు.

గుట్ట మీద గడ్డిపోచ లేదు. ఎక్కడ చూసినా గొర్రెల డెక్కల గుర్తులు, పచ్చి పేడ, నేలకంటా కొరికిన మొదళ్లు. నా చట్రం, అంటే గడ్డి కొలవడానికి నేల మీద పరిచే చదరపు కొయ్యచట్రం, పది చోట్ల వేశాను. పది చోట్లా చట్రంలో ఎర్రమట్టి తప్ప ఏమీ లేదు. అక్కడక్కడా వాలుకు అడ్డంగా మోకాలెత్తు రాతి వరసలు కనిపించాయి, పాత గొర్రెల దొడ్లు కాబోలనుకున్నాను. ఇంత బోడిగుట్ట మీద వాన కోసిన వంకలు ఎందుకు లేవన్న అనుమానం ఒక్కసారి తగిలింది. రాతినేల కదా అని సర్దుకున్నాను. నేల చదువుకున్నవాణ్ని, ఆ ఒక్క అనుమానం వెంట నాలుగు అడుగులు వేసినా సరిపోయేది.

అక్కడే ఒక గుండు మీద కూర్చుని పుస్తకంలో సిరాతో రాశాను: “విపరీతముగా మేపబడినది. గుట్టను కాపాడు శక్తి గాని, ఉద్దేశము గాని గ్రామస్థులకు లేదు. ప్రభుత్వము స్వాధీనము చేసుకొని కంచె వేయుట అవసరము.” ఉద్దేశము గాని అన్న మాట పడ్డందుకు మనసులో మెచ్చుకున్నాను కూడా.

మధ్యాహ్నం రెడ్డిగారింట్లో భోజనం. రాగి సంగటి ముద్ద, చెనక్కాయ చట్నీ, నెయ్యి. నేను సంగటిని అన్నంలా నమలబోతే అది పళ్లకు పట్టుకుని నోరు పెగలలేదు. రెడ్డిగారి భార్య చూసి, వేళ్లతో కొంచెం తుంచి చట్నీలో అద్ది మింగాలని చేసి చూపించారు. పశువుల లెక్క అడిగితే రెడ్డిగారు ఏవో కొన్ని ఉన్నాయన్నారు. దొడ్లలో అవి కనిపించలేదు. ఎక్కడికో మేతకు వెళ్లి ఉంటాయనుకున్నాను. మర్యాదకు లోటు లేదు గాని, ఆ ఇంట్లో ఎవరి ముఖంలోనూ నవ్వు లేదు. పేద ఊరు, పైగా గుట్ట పాడయిపోయింది, ఇంక ఏం నవ్వుతారు అని జాలిపడి చిన్నకోనపల్లెకు బండి ఎక్కాను.

చిన్నకోనపల్లె

అది అయిదు మైళ్ల దూరంలో ఉంది. ఆ ఊరి గుట్ట ఎప్పటినుంచో బోడి, దాని వంకల్లో మనిషి దిగితే కనిపించడు. మరునాడు పొద్దున అక్కడ చట్రం వేస్తుంటే మల్లన్న అనే గొర్రెల కాపరి వచ్చి పక్కన నిలబడ్డాడు. అతని గొర్రెలు ఆ నేలకు తగ్గట్టు లేవు, పక్కలు నిండి మెరుస్తున్నాయి. ఏం మేపుతున్నావని ఊరికే అడిగాను.

“ఈడ ఏముండాది సామీ మేపేదానికి,” అన్నాడు. “గుట్టకిందపల్లె గుట్టలో మేసినాయి, నాలుగు దినాలు. నాకు ఊహ తెలిసిన కాడినించి ఆ గుట్ట లోపలికి మా గొర్రె పోయింది లేదు. పోతే కావలి ఓబులమ్మ కాళ్లిరగ్గొడతాది. అట్లాంటిది రెడ్డే మనిషిని పంపి తోలకరమ్మన్యాడు. నడుముల కాడికి ఉండె కసువు. ఎట్ల తొక్కిచ్చేదానికి మనసొప్పిందో ఆయప్పకు.”

కసువంటే అక్కడ గడ్డి. నడుముల దాకా గడ్డి. నేను చట్రం నేల మీద పెట్టి కూర్చున్నాను. మల్లన్నకు దాచవలసింది ఏమీ లేదు గనుక అడిగినవన్నీ చెప్పాడు. తొలకరి పడగానే గుట్టకిందపల్లెవాళ్లు గుట్టను ‘కడతారు’. ఆ రోజు నుంచి ఉగాది దాకా లోపలికి గొడ్డు పోకూడదు, కొడవలి పోకూడదు. ఉగాది మరునాడు దండోరా వేసి తెరుస్తారు, అప్పటికి ఇళ్లలో జొన్న చొప్ప అయిపోయి ఉంటుంది. ఎండాకాలమంతా ఊరి గొడ్లు ఆ గడ్డి మీదే బతుకుతాయి. కట్టు తప్పినవాడు గుట్ట మీద రాతికట్ట ఒక బారెడు పేర్చి ఇవ్వాలి. నేను పాత దొడ్లనుకున్న వరసలు అవే. ఎన్నో తరాల తప్పులు అక్కడ కట్టలై వాన నీటిని ఆపుతున్నాయి.

మరి ఎందుకు మేపేశారని అడిగాను. మల్లన్న నా చట్రం వైపు చూశాడు. “ఎవురో దొర కసువు కొలిసేదానికి వస్తాండాడని కాగితం వచ్చినాదంట గదా,” అన్నాడు.

మళ్లీ గుట్టకింద

బండివాడు రాయచోటి వెళ్లిపోయాడు. అయిదు మైళ్లూ నడిచాను. మూడో మైలు దగ్గర చెప్పు తెగింది, రెండోదాన్ని కూడా చేత పట్టుకుని నడిచాను. గుట్ట మొదట్లో అదే బండ మీద ఓబులమ్మ కూర్చుని ఉంది. నేను కుంటడం చూసి, పాదం ఒళ్లోకి లాక్కుని, తుమ్మముల్లుతోనే కాలిలోని ముల్లు తీసింది. తీస్తుండగానే చెప్పాను, మల్లన్న అంతా చెప్పాడని. ఆమె చెయ్యి ఆగలేదు. ముల్లు తీసి నా అరచేతిలో పెట్టి, “పా నాయనా, చూపిస్తా,” అని లేచింది.

గుట్ట పై మడతలో, రెండు పెద్ద గుండ్ల వెనకాల, పదిళ్ల స్థలమంత చోట గడ్డి నిలబడి ఉంది. ఎండి బంగారం రంగు తిరిగి, కంకులతో, నా ఛాతీ దాకా. గాలికి ఒక్క వైపే వంగుతోంది. గుట్టంతా వారం కిందట ఇలాగే ఉండేదని అర్థం కావడానికి నాకు కాసేపు పట్టింది. చట్రం వెయ్యబుద్ధి కాలేదు. ఇంత సిగ్గు నాకు ఎప్పుడూ కలగలేదు.

“ఇది విత్తనానికి,” అంది ఓబులమ్మ. “తొలకరికి ముందు కంకులు దులిపి గుట్టంతా సల్లుతాం. రెడ్డి చెప్పినాడని అంతా ఇడిసిపెడితి. ఇది గూడా ఇడిస్తే వచ్చే ఏటికి గుట్ట యాడిది? కర్రెత్తుకోని ఈడనే కూచుంటి. రెడ్డి గొడ్లనే కొట్టినా.”

కబురు అంది వీరారెడ్డి పైకి వచ్చారు. ఆయాసంతో గుండుకు ఆనుకుని నిలబడ్డారు. నా మీద కోపం ఉంటుందనుకున్నాను. ఆయన ముఖంలో భయమే కనిపించింది. వాళ్ల తాతల నాడు ఇలాగే ఒక అధికారి వచ్చి గడ్డి కొలుచుకుని పోయాడట. మరుసటి ఏడు గొడ్డుకింత, గొర్రెకింత అని పుల్లరి పడిందట. కట్టలేక సగం గొడ్లు తెగనమ్ముకున్నారట. నా ఉత్తరంలో గడ్డి కొలత ఉంది, పశువుల లెక్క ఉంది. ఊరంతా కూర్చుని రెండు రోజులు ఆలోచించి, కనబడేదేదీ మిగల్చకూడదని తీర్మానించారు. గొడ్లను కూడా నేను వచ్చే రోజుకు అవతలి వంకలో దాచారు.

కనీసం కోసి వాములు వేసుకోవలసింది కదా అన్నాను.

“వామైతే కనపడతాది,” అన్నారు రెడ్డిగారు. “కడుపులోకి పోయిన కసువు ఎవురు లెక్కపెడతారు సారూ?”

నేను పుస్తకం తీసి రాసింది చదివి వినిపించాను. స్వాధీనం అన్న మాట దగ్గర ఆయన కళ్లు మూసుకున్నారు. పుల్లరి తప్పించుకోవడానికి ఏడాది గడ్డి పోగొట్టుకున్నారు, దానివల్లే ఇప్పుడు గుట్టే పోతోంది. మా శాఖకు పన్నుతో సంబంధం లేదని, జరిగింది జరిగినట్టు రాసి ఊరివాళ్లు వేలిముద్రలు వేస్తే ముందు రాసింది కొట్టివేస్తానని చెప్పాను. ప్రభుత్వాన్ని మోసం చేశామని మేమే రాసివ్వాలా అని అడిగారు. పుల్లరి పడదని నా మాట నమ్మమన్నాను.

ఆయన గడ్డి వైపు చూస్తూ అన్నారు. “నువ్వు మమ్మల్ని ఒక్క పూట చూసి, చూసిందే నిజమని నమ్మినావు. ఏమాయె? మేం నిన్ను ఎన్ని పూటలు చూసి నమ్మాల?”

ఆ రోజు అక్కడే ఉండిపోయాను.

మరునాడు ఉదయం చావిడి దగ్గర ఇంటికొకరు చొప్పున వచ్చారు. జరిగినదంతా వాళ్ల మాటల్లోనే రాసి, నా ఉత్తరం సంగతి కూడా చేర్చి చదివాను. ఎవరూ కదల్లేదు. వెనక నుంచి ఓబులమ్మ వచ్చి బొటనవేలు చాపింది.

“కావలిదాన్ని నేను. గొడ్లను లోపలికి ఇడిసింది నేను. ముందు నా తప్పు రాయి,” అంది.

ఆమె తరువాత వీరారెడ్డి వేశారు. తరువాత ఒక్కొక్కరే వచ్చారు. నేను గుట్ట మీద రాసిన పేజీ కొట్టివేసి, కారణం రాసి, సంతకం చేశాను. మా శాఖలో కొట్టివేత అంటే పొరపాటు ఒప్పుకోవడమే. అందరూ లేస్తుంటే ఓబులమ్మ మళ్లీ మాట్లాడింది. ఊరంతా కట్టు తప్పింది గనుక ఇంటింటికీ ఒక బారెడు రాతికట్ట పడుతుందని అంది. ఎవరూ కాదనలేదు. తరువాత నా వైపు తిరిగింది.

“కాగితం పంపినోడివి నువ్వు గదా. నీది గూడా ఒక బారెడు ఉండాది.”

రెడ్డిగారు నొచ్చుకుని ఆమెను వారించబోయారు. నేనే వద్దన్నాను. కొత్త చెప్పులు ఎవరో ఇచ్చారు, టైరుతో చేసినవి. ఆ పూటంతా రాళ్లు మోశాను. పెద్ద రాయి కింద, చిన్నవి సందుల్లో, వాలు వైపు కొంచెం వెనక్కి వంచి పేర్చాలి. నేను పేర్చింది ఓబులమ్మ రెండుసార్లు కాలితో తోసేసింది. మూడోసారి తోస్తే నిలిచింది. ఆమె పక్కవాడి వరస చూడడానికి వెళ్లింది. చదువుకున్న నాలుగేళ్లలో నేల కోత గురించి ఇంత బాగా ఎవరూ నాకు చెప్పలేదు.

రాయచోటి

మిగతా ఊళ్లు చూసుకుని రాయచోటి చేరేసరికి పది రోజులయింది. మా పై అధికారి అక్కడి బంగళాలో మకాం ఉన్నారు. మద్రాసు కాలం నుంచి పనిచేస్తున్న మనిషి, పొదుపుగా మాట్లాడతారు. కొట్టివేసిన పేజీ, వేలిముద్రల కాగితం రెండూ రెండుసార్లు చదివారు. ఇది మీ సర్వీసు రికార్డులో ఉంటుంది, తెలుసు కదా అన్నారు. తెలుసునన్నాను. పదిళ్ల స్థలంలో మిగిలిన గడ్డిని చూసి గుట్టంతటినీ నమ్మమంటున్నారా అన్నారు. రాతికట్టల సంగతి చెప్పాను. వాటిలో ఒక బారెడు నేను పేర్చానని చెప్పలేదు, నా చేతులు చూస్తే తెలిసే ఉంటుంది.

చివరికి ఆయన ఎర్రసిరాతో ఒక వాక్యం రాశారు. ఒక ఏడాది గడువు. వానలయ్యాక మళ్లీ చూడాలి. గడ్డి ఉంటే గుట్ట ఊరిదే, లేకపోతే కంచె. నేను ఇంకాస్త ఉదారంగా ఉండమని అడగబోయి ఆగాను. ఆయన స్థానంలో ఉంటే నేను ఆ మాత్రం కూడా ఇచ్చి ఉండేవాణ్ని కాదు.

కనుమ

తిరుగు బస్సు గువ్వలచెరువు కనుమలో ఆగిపోయింది. ముందు దుమ్ము, దుమ్ములో పశువులు. అడవిలోకి మేతకు తోలుకుపోతున్న మంద రోడ్డు దాటుతోంది. డ్రైవరు ఇంజను ఆపి బీడీ ముట్టించాడు. ప్రయాణికులు విసుక్కున్నారు. నేను కిటికీలోంచి చూస్తే మంద పక్కన గుట్టకిందపల్లెలో నా పెట్టె మోసిన తలారి కనిపించాడు.

బస్సు దిగి రోడ్డు పక్కన నిలబడ్డాను. ఎద్దులు, ఆవులు, చూలువి, దూడలు. పక్కటెముకలు అప్పుడే తేలుతున్నాయి. ఇంటి దగ్గర తాళ్లకు కట్టి మేపే ఎద్దులు కూడా నాలుగైదు నెలలు ఎవరి అడవిలోనో ఎవరి దయ మీదో తిరగాలి. లెక్క సిద్ధంగా ఉంచమని నేను ఉత్తరం రాసిన పశువులు ఇవే. నా కళ్లముందే ఒక్కొక్కటిగా దాటుతున్నాయి. నేను లెక్కపెట్టలేదు.

మంద చివర వీరారెడ్డి నడుస్తున్నారు. భుజాన గొంగడి, చేతిలో సంగటి మూట. నన్ను చూసి ఆగారు. గడువు సంగతి చెప్పాను. వానలయ్యాక వచ్చి చూస్తామన్నానే గాని, వానలు పడకపోతే అన్న మాట ఇద్దరం ఎత్తలేదు. ముసలి గొడ్లు ఏవని అడిగాను. నడవలేనివి ఊళ్లోనే ఉన్నాయి, ఉన్నన్నాళ్లు ఉంటాయి అన్నారు. ఓబులమ్మ రాలేదా అన్నాను.

“యాడికొస్తాది? గుట్ట కాడే ఉండాది. విత్తనం ఉండాది గదా ఆడ.”

డ్రైవరు హారను కొట్టాడు. క్షమించమని అడగాలని అప్పటిదాకా మాటలు కూడగట్టుకుంటున్నాను. నోరు తెరిచేలోపు ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆయన నన్ను సారు అనకుండా అప్పా అని పిలవడం అదే మొదటిసారి.

“ఈ తూరి వచ్చేటప్పుడు ముందుగా కాగితం పంపొద్దప్పా. ఊరికే రా. నీ కట్ట గూడా ఉండాది గదా ఆడ.”

మంద వెనకాలే ఆయన అడవిలోకి దిగిపోయారు. దుమ్ము అణిగేదాకా బస్సు కదల్లేదు.

ఇది రాస్తున్న ఈ రోజుకు కూడా కర్నూలు మీద మబ్బు లేదు. డేరాలో నా బల్ల మీద రాబోయే పర్యటనల జాబితా ఉంది, ప్రతి ఊరి ఎదురుగా ఉత్తరం పంపిన తేదీ రాయడానికి ఒక గడి ఉంది. గుట్టకిందపల్లె ఎదుట ఆ గడి ఖాళీగా వదిలాను.